బండి కడిగిన నీళ్ళు

సౌభాగ్యమ్మ ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. నిన్న రాత్రి కూడా ఇదే తంతు. పచ్చడి మీద ఈగ వాలితే విసనకర్రతో తోలింది గానీ అన్నంలో చెయ్యి పెట్టలేదు.

"రానంటే రాను," అంది గోడకేసి చూస్తూ. "రేపు పేటలో సభకి మీరిద్దరూ పోయి రండి. నన్ను పిలవమాకండి."

బడికి బయల్దేరబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న స్తెఫను చేతులు అక్కడే ఆగిపోయాయి. ఊరి పెద్దల ముందు ఎంత నిబ్బరంగా మాట్లాడతాడో తల్లి ముందు అంత తడబడతాడు. నందిగామ హైస్కూల్లో సోషలు చెప్పే ఈ మేష్టారే, కిందటి నెల చందర్లపాడు పక్కనున్న తన సొంత ఊళ్ళో, ఊరి చివర తమ పల్లె ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళి పంచాయతీ బావిలో వాళ్ళ చేతే చేద వేయించాడు. పోలీసులొచ్చారు. అంటరానితనం మీద వచ్చిన కొత్త చట్టంలో ఏముందో ఇనస్పెక్టరు చదివి వినిపించాడు. కర్రలు తెచ్చినవాళ్ళు కర్రలు దించారు. అప్పట్నుంచి ఆయన పేరు బస్సుల్లో కూడా వినపడుతోంది. రేపు ఆదివారం సాయంత్రం జగ్గయ్యపేటలో సన్మానం పెట్టారు. తల్లిని కూడా స్టేజీ మీద కూర్చోబెట్టాలని అక్కడి వాళ్ళ పట్టుదల.

సన్మానం అన్నప్పుడు ముసలావిడ బాగానే ఉంది. పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి ఎండలో కూడా వేసింది. నిన్న సాయంత్రం ప్లీడరు భవానీప్రసాద్ పంపిన మనిషి వచ్చి, సభలో ఏమేం జరుగుతాయో చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాతే చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది, ఆవిడ నోరు మూతపడింది.

"అంతమంది ముందు ఆ ప్లీడరు నీ కాళ్ళకి మొక్కుతానంటున్నాడమ్మా," అన్నాడు స్తెఫను. "మునసబు కృష్ణయ్య గారి కొడుకు. మనల్ని బావి గట్టు ఎక్కనివ్వని ఇంట్లో పుట్టినవాడు. నాన్న కాలు విరగ్గొట్టించినందుకు వాళ్ళ నాన్న తరఫున..."

"ఆ కాలు సంగతి నా దగ్గర ఎత్తమాక."

గొంతు పెంచలేదు గానీ, వంటింట్లో ఉన్న జయమణి గరిటె పక్కన పెట్టి తొంగి చూసింది. తను కోడలై వచ్చిన ఇన్నేళ్ళలో అత్తగారు కొడుకు మాటకి అడ్డం తగలడం ఇదే చూడటం.

"ఆ సంగతి ఎత్తకుండా నేనేం మాట్లాడనమ్మా? నాకున్నదే అది," అన్నాడు స్తెఫను.

సౌభాగ్యమ్మ మళ్ళీ గోడకేసి తిరిగింది. ఆయన గొడుగు తీసుకుని, మళ్ళీ అక్కడే మర్చిపోయి, ఎండలోనే బడికి వెళ్ళిపోయాడు.

ఇశ్రాయేలు కాలు సంగతి జిల్లాలో సగం మందికి తెలుసు. స్తెఫను ఎక్కడ మాట్లాడినా అక్కడే మొదలుపెడతాడు. తన తండ్రి ఇశ్రాయేలు ఒక ఎండాకాలం దప్పికకి తాళలేక ఊరి బావిలో తనే చేద వేసి నీళ్ళు తోడుకున్నాడనీ, మునసబు కర్రలతో కొట్టించి కాలు విరగ్గొట్టించాడనీ, ఆ కుంటి నడక చూస్తూ పెరిగిన తనకి వేరే పాఠం అక్కర్లేకపోయిందనీ చెబుతాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఏడాది కిందట నందిగామలో అది విని తట్టుకోలేక లేచి వెళ్ళిపోయినవాడు ఈ భవానీప్రసాదే. నేరుగా ఇంటికెళ్ళి తండ్రిని నిలదీశాడట. తను కొట్టించలేదని ముసలాయన అంటే నమ్మలేదట. ఆ రోజే పెట్టె సర్దుకుని జగ్గయ్యపేటలో కాపరం పెట్టాడు. మళ్ళీ తండ్రితో మాట్లాడింది లేదు. ఆ బావి మీద ఎగువ బజారు పెద్దకులాల వాళ్ళు వేసిన కేసులో పల్లె తరఫున కోర్టులో నిలబడింది కూడా ఆయనే.

జయమణికి ఇదంతా తెలుసు. తెలియనిది ఒకటే, అదే ఆమెను వారం నుంచి కుదురుగా ఉండనివ్వడం లేదు.

పేటలో మహిళామండలి నడిపే భారతీదేవి గారు, సభకి అధ్యక్షురాలు కూడా ఆవిడే, కబురు పంపింది. మేష్టారిని ఇంతవాణ్ణి చేసినదేమిటో ఇంటి ఇల్లాలిగా ఒక అయిదు నిమిషాలు చెప్పాలని. జయమణి మామూలుగానే ఏదీ పైపైన వదిలేసే మనిషి కాదు. వత్సవాయిలో చిన్నప్పుడు, పొదిగే పెట్ట కింద గుడ్లు తీసి, లోపల పిల్ల ఏం చేస్తోందోనని చెవికి ఆనించుకుని వినేది. దానికి వాళ్ళమ్మ చేత తన్నులు కూడా తిన్నది. ఇప్పుడు మొగుడినే చెవికి ఆనించుకుని వినాల్సి వచ్చింది.

అడగని మనిషి లేడు. ప్రార్థన వల్లే అన్నారు మిషను గుడి అయ్యగారు. ఇంగ్లీషు వ్యాకరణం వల్లే అన్నాడు హెడ్మాష్టరు. మంత్రసాని లూర్దమ్మ అయితే అసలు పుట్టగానే తను ఆముదం పట్టించి తల గుండ్రంగా ఒత్తబట్టే అంది. ఏదీ జయమణి మనసుకి పట్టలేదు. అయ్యగారు అందరు పిల్లలకీ ప్రార్థన చేశారు. మిషను బోర్డింగులో అందరూ అదే జొన్న గటక తిన్నారు, అదే వ్యాకరణం వల్లెవేశారు. వాళ్ళలో కొందరు గుమాస్తాలయ్యారు, కొందరు కాంపౌండర్లయ్యారు, మంచివాళ్ళే. బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకి జరిగి నిలబడ్డారు. ఈయనొక్కడూ ఎందుకు జరగలేదు? ఆ కాలే కారణమైతే, ఆ కాలున్నవాణ్ణి కట్టుకున్న మనిషికి దాని పేరెత్తితే ఎందుకంత కోపం?

అన్నం కంచం మీద మూత పెట్టి, జయమణి ఎండుమిరపకాయల బస్తా విప్పి చాప మీద కుమ్మరించింది. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టారు. ముసలావిడకి అన్నం మీద కోపం ఉండొచ్చు గానీ పని మీద ఉండదు. ఘాటుకి ఇద్దరూ ఒకటి రెండుసార్లు తుమ్మారు. మాట మొదలుపెట్టడానికి అదే సందు అనుకుంది జయమణి.

"అత్తయ్యా, మావయ్య కాలు ఎవరు విరగ్గొట్టారు?"

సౌభాగ్యమ్మ చేతిలో కాయ తొడిమ తీసి కుప్పలో వేసింది. ఇంకొకటి తీసింది. ఆ చేతులు ఆగలేదు.

"ఎవరూ విరగ్గొట్టలా," అంది. "వామి మీంచి పడ్డాడు."

జయమణి చాప మీద ముందుకి జరిగింది.

"మునసబుగారి గడ్డివామి. పైకెక్కి గడ్డి సర్దతన్నాడు. మధ్యాన్నం కల్లు తాగి ఎక్కాడు, జారాడు. గుడిలో సంఘపెద్ద అప్పటికే. అయ్యగారి ముందు ఇంక ముట్టనని ప్రమాణం జేసి నెల కూడా కాలా."

ఆ తర్వాత ఆవిడను ఆపడం జయమణి వల్ల కాలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగని మాట అడిగింది తను. మామూలుగా ప్రశ్నకి ఒక మాట జవాబిచ్చే ముసలావిడ ఇవాళ తనే పూడిక తీసుకుంటూ పోయింది.

పడ్డవాణ్ణి మునసబే లేపించాడట. తన బండి కట్టించి, మెత్తగా గడ్డి పరిపించి, వెనకమాల పడుకోబెట్టించాడట. పాలేరు మీద వదిలేయకుండా తనే బండి ముందు తొట్లో కూర్చుని నందిగామ డాక్టరు దగ్గరికి తోలించుకొచ్చాడట. ఎముక అతుక్కుంది గానీ కాలు పొట్టిదైపోయింది.

"అయితే ఆయన మంచే చేశాడుగా అత్తయ్యా," అంది జయమణి.

"విను ముందు." సౌభాగ్యమ్మ ఒళ్ళో పడ్డ గింజలు దులుపుకుంది. "మర్నాడు నేను బిందె తీసుకుని బావికాడికి పోయా. మనం గట్టు ఎక్కగూడదు గదా, కింద నిలబడి ఎవరన్నా వారపోసిందాకా కాసుకోవాలి. మాకు పోసేది సుభాన్‌బీ. సాయిబులావిడ, ఆమె చేదొచ్చు. తల్లి, ఏ రోజూ విసుక్కోలా. ఆమె చేద తోడి నా బిందెలో వంచబోతుంటే మునసబుగారి మనుషులు బండి తోలుకొచ్చారు. ముందు దీనికి పొయ్యమన్నారు. పేడనీళ్ళు కలిపి చక్రాలు కడిగారు, నొగలు కడిగారు, అడుగుబల్ల కడిగారు. మీ మావయ్య పడుకున్న చోట చీపురుకట్ట పెట్టి మరీ రుద్దారు. అయ్యిందాకా నేను వట్టి బిందెతో ఎండలో నిలబడి చూస్తన్నా. స్తెఫను సంకలో ఉన్నాడు, పాలు తాగే బిడ్డ."

వీధిలో చందర్లపాడు వైపు పోయే బండ్ల గంటలు వినపడ్డాయి.

"మరి ఆయనకి కొట్టి విరగ్గొట్టారని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా."

అది కూడా ఆవిడ దాచలేదు. పిల్లాడిగా ఉన్నప్పుడు స్తెఫను మిషను బోర్డింగులోంచి పారిపోయి వచ్చేశాడట. గటక తినలేనన్నాడు, గేదెలు కాసుకుంటానన్నాడు, నాన్నలాగా మునసబుగారింట్లో పాలేరుగా ఉంటే ఏం పోయిందన్నాడు. చెయ్యి పట్టుకుని డొంకదారిన వెనక్కి లాక్కుపోతుంటే మధ్యలో కూలబడ్డాడు. తిట్టింది, కొట్టింది, బతిమాలింది. కదల్లేదు. అప్పుడు నోటికొచ్చింది ఆ మాట. మీ నాన్న కాలు ఎందుకు విరిగిందో తెలుసా, చేదతాడు ముట్టుకున్నాడని విరగ్గొట్టారు, నువ్వు చదవకపోతే రేపు నీకూ అంతే అని.

"ఏడుపు ఆపేశాడే జయా. నా మొహం వంక చూశాడు. లేచి దుమ్ము దులుపుకుని నాకన్నా ముందు నడిచాడు బోర్డింగుకి. మళ్ళీ తిరిగి రాలా."

"బండి కడిగిన సంగతే చెప్పొచ్చుగా అత్తయ్యా. అది నిజమేగా. దానికన్నా ఇది ఎక్కువా?"

సౌభాగ్యమ్మ కోడలి వంక జాలిగా చూసింది. ఇంత చదువుకుని ఇది తెలీదా అన్నట్టుంది ఆ చూపు.

"అది వాడు రోజూ చూసేదే గదే. బావికాడ కాసుకోటం, కడగటం, ఎడంగా నిలబడటం, ఇయ్యన్నీ పుట్టిన కాణ్ణించి చూస్తన్నాడు. రోజూ చూసేదానికి ఎవరికన్నా కోపం వస్తదా? కోపం రావాలంటే ఎముక విరగాల్సొచ్చింది."

జయమణి చేతిలోని మిరపకాయ అలాగే ఉండిపోయింది. వారం రోజులుగా ఊరంతా తిరిగి అడిగిన ప్రశ్నకి జవాబు తన ఇంట్లో చాప మీదే దొరికింది. దొరికినందుకు సంతోషపడాలో, భయపడాలో తెలియలేదు. ఇంత మనిషిని నిలబెట్టింది ప్రార్థనా కాదు, వ్యాకరణమూ కాదు. దారిలో కూలబడ్డ పిల్లాణ్ణి లేపడానికి ఒక తల్లి అప్పటికప్పుడు అల్లిన అబద్ధం.

"మావయ్య ఊరుకున్నారా?"

సౌభాగ్యమ్మ మొహంలో నిన్నటి నుంచి కనపడని నవ్వు చిన్నగా కనపడింది. ఇశ్రాయేలు మొదట గింజుకున్నాడట. నన్ను కల్లు తాగి పడ్డవాణ్ణి ఇట్టా యోధుణ్ణి చేస్తావేందే అన్నాడట. సెలవులకి వచ్చిన కొడుకు మాత్రం తండ్రి కాలికి, ఏదో గుడిలో పీఠం ముట్టుకున్నట్టు, మెల్లగా నూనె రాశాడట. ఆ రోజు నుంచి ఇశ్రాయేలు కల్లు పాక వైపు పోలేదు. అయ్యగారి ప్రమాణం చేయలేనిది కొడుకు చూపు చేసింది. పోయేముందు మాత్రం భార్యను దగ్గరికి పిలిచి, వాడికి నిజం చెప్పు అన్నాడు. ఆవిడ చెప్పలేదు.

"నాకు చెప్పే నోరు లేదు," అంది సౌభాగ్యమ్మ. "ఆ మునసబు మనల్ని గట్టెక్కనివ్వలా, అది నిజం. ఆ పాపం ఆయన మోయాల్సిందే. చెయ్యని పాపానికి కన్నకొడుకు మాట్లాట్టం మానేశాడంట. రేపు ఆ పిల్లోడు నా కాళ్ళ మీద పడితే ఆ కాళ్ళు నేనేం చేసుకోను? నీకు చెప్పా. వాడికి చెప్తావో, మానతావో నీ ఇష్టం."

అని, కంచం మీద మూత తీసి, చేతులు కడుక్కుని అన్నం కలుపుకుంది. బరువు కోడలి నెత్తిన పెట్టాక ఆవిడకి ఆకలేసింది.

జయమణికి ఆ పూట ముద్ద దిగలేదు.

చెప్పాలా వద్దా అని ఆమె ఆ శనివారమంతా కొట్టుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక, సౌభాగ్యమ్మ అయ్యగారితో మాట్లాడుతూ లోపల ఉండిపోతే, గుడి వెనక గోడ నీడలో భర్తని నిలబెట్టి చెప్పేసింది. వామి, కల్లు, బండి, పేడనీళ్ళు, డొంకలో అబద్ధం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. ఆగితే ఇక చెప్పలేనని భయం.

స్తెఫను పాటల పుస్తకం చంకలో పెట్టుకుని విన్నాడు.

"అమ్మ అబద్ధం ఎందుకు చెబుతుంది?" అన్నాడు.

"ఇప్పుడా, అప్పుడా?"

ఆయన గోడకి ఆనుకున్నాడు. తెల్లచొక్కా వెనకంతా సున్నం అంటుకుంటున్నా చూసుకోలేదు. ఎన్ని ఊళ్ళలో చెప్పాను, ఎంతమందిని ఏడిపించాను, అని తనలో తనే అనుకున్నాడు. పల్లె పిల్లల వంక చూస్తూ చెప్పాను జయా, మా నాన్న చేద వేశాడు, మీరు వెయ్యలేరా అని అడిగాను అన్నాడు. జయమణికి ఆయన మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు. చెయ్యి పట్టుకుందామనుకుంది, గుడి ఆవరణ కదా అని ఊరుకుంది.

జాలి పడేలోపే ఆయనకి కోపం వచ్చింది. ఇవాళే చెప్పాలా, ఈ పూటే దొరికిందా అన్నాడు. ఎగువ బజారు వాళ్ళు బావి మీద కోర్టుకెక్కి ఉన్నారనీ, ఈ మాట బయటపడితే మేష్టారిదంతా కట్టుకథేనని వాళ్ళ వకీలు బల్ల గుద్ది చెబుతాడనీ, పల్లె ఆడవాళ్ళు మళ్ళీ కింద నిలబడి వారపోయించుకోవాల్సి వస్తుందనీ అన్నాడు.

"చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు," అన్నాడు చివరికి.

"మునసబుగారికి?"

"ఆయన మీద నన్ను జాలిపడమంటావా జయా?"

"జాలి పడమనలా. ఆయన చేసినదానికి ఆయన్ని అడగండి అంటున్నా. చెయ్యనిదానికి కాదు."

స్తెఫను ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఇంతలో సౌభాగ్యమ్మ గుడి మెట్లు దిగి వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది. పొద్దున ఎప్పుడు తీసిందో, ఎందుకు తీసిందో చెప్పలేదు. పేటకి నేనూ వస్తా, బస్సు ఎన్నింటికి అని మాత్రం అడిగింది.

బస్సులో ముగ్గురూ ముగ్గురే. ముసలావిడ కిటికీ పక్కన, జయమణి మధ్యన, స్తెఫను ముందు సీట్లో ఎవరో తెలియనివాళ్ళ పక్కన. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగితే ఒకాయన గుర్తుపట్టి, మేష్టారూ, మీ నాన్నగారి సంగతి మా పిల్లలకి చెప్పానండి అన్నాడు. స్తెఫను దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి ఆయన ఏం చేయబోతున్నాడో కనిపెట్టాలని జయమణి తంటాలుపడింది గానీ, వెనక నుంచి చూస్తే మెడ మీద గుడి సున్నం తప్ప ఏమీ కనపడలేదు.

జగ్గయ్యపేటలో గ్రంథాలయం హాలు నిండిపోయి జనం వరండాలో కూడా నిలబడ్డారు. బల్లలు వేసి కట్టిన స్టేజీ మీద అధ్యక్షురాలు భారతీదేవి, ప్లీడరు భవానీప్రసాద్, వీళ్ళు ముగ్గురూ. బల్ల మీద మంచినీళ్ళ కూజా, గాజుగ్లాసు. జయమణి జనాన్ని ఒక్కొక్కరినే చూస్తూ పోయి, చివరి వరసలో ఆగిపోయింది. బావి గొడవ నాడు చూసిన మొహమే. తలపాగా, రెండు చేతుల కింద చేతికర్ర, నడుం వంగకుండా కూర్చున్న ముసలాయన. మునసబు కృష్ణయ్య. తన మొహాన మసి పూయబోయే సభకి ఆయనే ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో తెలుసుకోకపోతే నిలవలేననిపించింది ఆమెకి.

మొదట మాట్లాడాల్సింది జయమణే. అధ్యక్షురాలు ఆమె పేరు పిలిచేలోపే భవానీప్రసాద్ లేచాడు. ఇది అయితే గానీ తనకి కూర్చోబుద్ధి కావడం లేదన్నాడు. బక్కపల్చటి మనిషి. మా ఇంట్లో తిన్న ప్రతి ముద్ద ఈ తల్లి భర్త కాలు విరగ్గొట్టిన చేతులతో సంపాదించిందేనన్నాడు. కండువా నడుముకి చుట్టుకుని సౌభాగ్యమ్మ ముందు మోకాళ్ళ మీద వంగాడు.

సౌభాగ్యమ్మ పాదాలు కుర్చీ కిందకి లాక్కుంది. "లే నాయనా," అంది. "లే ముందు. మీ నాన్న..."

"అవునమ్మా, నేనే విరగ్గొట్టించా."

హాలంతా వెనక్కి తిరిగింది. కృష్ణయ్య కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. కొడుకు వంకే చూస్తున్నాడు, మిగతా జనం అక్కడ లేనట్టే. "నేనే చేయించా. ఒప్పుకుంటున్నా. వాణ్ణి క్షమాపణ అడగనివ్వండి," అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. జయమణి మాత్రం ముసలాయన మొహం వంకే చూసింది. ఏడాది కిందట ఈయన నిజం చెప్పాడు, కొడుకు పోయాడు. ఇప్పుడు అబద్ధం చెబితే వస్తాడేమోనని చెబుతున్నాడు. ఒక తల్లి తన బిడ్డ కోసం ఆడిన అబద్ధాన్ని ఈయన తన బిడ్డ కోసం ఎత్తుకున్నాడు. ఇక అది ఎప్పటికీ బయటపడదు. కోర్టులో వకీలు కూడా ఏమీ అనలేడు, మునసబే ఒప్పుకున్నాక. స్తెఫను నోరు మెదపకుండా కూర్చుంటే చాలు.

స్తెఫను లేచాడు. మైకు దగ్గరికి వెళ్ళాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. అవి ఆగేదాకా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"మునసబుగారూ," అన్నాడు. "మీరు మా నాన్న కాలు విరగ్గొట్టించలేదు. మా నాన్న మీ వామి మీంచి పడ్డాడు. కల్లు తాగి పడ్డాడు. మీరు బండి కట్టించి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది నిజం కాదు. నాకు నిన్నటిదాకా తెలీదు, ఇవాళ తెలిసింది."

మోకాళ్ళ మీదున్న భవానీప్రసాద్ అలాగే ఉండి తలెత్తాడు.

"మర్నాడు ఆ బండిని బావి దగ్గరికి తోలించారు. మా అమ్మ వట్టి బిందెతో నిలబడి ఉంది. ఆమె బిందెలో పొయ్యాల్సిన నీళ్ళు బండికి పోసి, మా నాన్న పడుకున్న చోటు కడిగించారు. ఒక మనిషి బతకాలని అంత దూరం తీసుకొచ్చినవారు మీరే. ఆయన తగిలిన చెక్క కడిగించింది కూడా మీరే. నాకు కోపం లేదండి. తెలుసుకోవాలని అడుగుతున్నా. ఎందుకు కడిగించారు?"

ముసలాయన నోరు తెరిచాడు. ఆ జవాబు కోసం ఆయన లోపల ఎంత వెతుకుతున్నాడో ఇంత దూరం నుంచి కూడా కనపడుతోంది. బహుశా ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఇది అడగలేదు, తనని తనే అడుక్కోలేదు. కొడుకు ఏడాది తర్వాత మొదటిసారి ఆయన మొహంలోకి చూస్తున్నాడు. ముసలాయన గొంతు సవరించుకోబోయాడు, దగ్గు వచ్చింది, మళ్ళీ వచ్చింది.

"కాసిని మంచినీళ్ళు," అన్నాడు.

హాల్లో మంచినీళ్ళున్నది స్టేజీ మీదే. భారతీదేవి కూజా కోసం చెయ్యి చాపేలోపే సౌభాగ్యమ్మ లేచింది. కూజా వంచి గ్లాసు నింపింది. కొడుకు వంక గానీ, కోడలి వంక గానీ చూడలేదు. ఒక చేత్తో జరీ అంచు ఎత్తి పట్టుకుని, స్టేజీ మెట్టు దిగి, వరసల మధ్య నుంచి మెల్లగా నడిచి వెళ్ళింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి ముసలాయన ముందుకి చాపింది.

కృష్ణయ్య గ్లాసు వంక చూశాడు. తర్వాత ఆ చెయ్యి ఎవరిదో చూశాడు.

ముందు వరసల వాళ్ళంతా మెడలు చాపి లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి ముందుకొచ్చిందో లేదో జయమణికి కనపడలేదు. చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, అంతమంది ముందు ఆమె తను కూర్చున్న కుర్చీ ఎక్కింది.